పడవ కొంటున్నారటగా!

ఏవండోయ్, మిమ్మల్నే! పడవ కొంటున్నారటగా? నాకెవరు చెప్పారని మాత్రం అడక్కండి. మన వీధిలో ఒకింట్లో గుసగుసగా అన్న మాట పక్కింటికి చేరేసరికి దానికి కాళ్ళూ చేతులూ వచ్చేస్తాయి. మీరు ఉత్త పడవే అని ఉంటారు. నా దాకా వచ్చేసరికి దానికి ఇంజినూ, పైన గూడూ, లోపల మంచమూ వచ్చాయి. ఇంకో రెండిళ్ళు దాటితే లాంచీ అయిపోతుంది, చూసుకోండి మరి.

కొనండి, ఎవరొద్దన్నారు? రిటైరయ్యాక మనిషికి ఏదో ఒక వ్యాపకం ఉండాలి. కొందరు మొక్కలు పెంచుతారు, కొందరు కోర్టు కేసులు పెంచుతారు. మీరు పడవ పెంచుకుంటానంటున్నారు. కాకపోతే కొనేముందు కాస్త గోడ దగ్గరికి రండి. ఆ కుర్చీ ఇటు లాక్కోండి. నేను చింతపండులో గింజలు తీసుకుంటూ చెప్తాను. చేతులు ఖాళీగా ఉంటే నాకు మాట రాదు.

మా పుట్టిల్లు వశిష్ఠ గట్టు మీదేనండి, దిండికి కాస్త దిగువన. మా నాన్నగారికి కొబ్బరికాయలు తోలే పడవుండేది. పెళ్ళయ్యాక నాలుగు రేవులు ఎగువకి వచ్చానంతే. ఇప్పటికీ కాలెండర్లో పౌర్ణమి కనబడితే సత్యనారాయణ వ్రతం తర్వాత గుర్తొస్తుంది, ముందు పోటు గుర్తొస్తుంది. ఆ పోటు సంగతి తెలియకుండా ఈ ఏట్లో పడవ కొన్నవాళ్ళని చాలామందిని చూశాను. పడవ వాళ్ళదే, డబ్బూ వాళ్ళదే. ఎప్పుడు కదలాలో చెప్పేది మాత్రం వాళ్ళు కాదు. ఆ సంగతి మొదటి నెలలో మింగుడుపడదు పాపం, ముఖ్యంగా ఆఫీసరుగా చేసినవాళ్ళకి.

గోదావరి అని అందరూ ఒక్కమాటలో అనేస్తారా? ధవళేశ్వరానికి పైన ఒక గోదావరి, కింద ఇంకో గోదావరి. కాటన్ దొర 1847లో మొదలెట్టి 1852కల్లా ఆనకట్ట కట్టేశాడు కదా, ఇప్పుడక్కడ కొత్త బ్యారేజీ ఉంది. దానికి పైన నీళ్ళు ఎప్పుడూ ఒక్క దిక్కుకే పోతాయి. అక్కడ వరద భయం, సుడుల భయం, కొండల మధ్య గాలి భయం. కింద అలాక్కాదు. గౌతమీ వశిష్ఠలుగా చీలి, ఆ వశిష్ఠలోంచి మళ్ళీ వైనతేయ విడిపోయి, మూడు కొమ్మలూ బద్ధకంగా సముద్రం వైపు నడుస్తుంటే, ఆ సముద్రం రోజుకి రెండుసార్లు తనే లోపలికొచ్చి పలకరించి పోతుంది. మీరు పడవ కట్టబోయేది ఈ కింది గోదావరిలో. పాపికొండల్లో లాంచీ ఎక్కి పకోడీలు తిన్న అనుభవం ఇక్కడ అక్కరకి రాదు.

అంచేత ముందు ఒక పని చేయండి. బయానా ఇచ్చేముందు ఓ పక్షం రోజులు ఉత్తచేతుల్తో రేవుకి వెళ్ళి మెట్లు లెక్కపెట్టండి. పొద్దున్న నీరు ఏ మెట్టు మీదుంది, మధ్యాహ్నం ఏ మెట్టుకి దిగింది, పుస్తకంలో రాసుకోండి. ఉద్యోగమంతా లెక్కలు రాసినవారేగా! జనం నవ్వుతారు, నవ్వనివ్వండి. రోజుకి నీరు ఎక్కే పోట్లు రెండు, దిగే పాట్లు రెండు. ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. కాబట్టి ఇవాళ పొద్దున్న 6 గంటలకి నిండిన రేవు రేపు 6.50 దాకా నిండదు. ఎల్లుండి ఇంకా ఆలస్యం. పనిమనిషి వేళలు చూసి అలవాటుపడ్డవారికి ఇది కష్టం కాదులెండి. కాకపోతే ఈవిడ ఎంత ఆలస్యంగా వస్తుందో ముందే చెప్పి వస్తుంది.

ఎలాగంటారా? గోడ మీద తిథుల కాలెండరుంటే చాలు. అమావాస్యనాడు మీ రేవులో నీరు ఏ వేళకి నిండిందో ఒక్కసారి చూసి పెట్టుకోండి. అక్కణ్ణుంచి తిథికి రెండు గడియల చొప్పున కలుపుకుంటూ పోవడమే. గడియంటే 24 నిమిషాలు, రెండు గడియలంటే 48. పాడ్యమికి రెండు గడియలు, విదియకి నాలుగు, తదియకి ఆరు. అలా పౌర్ణమికి ముప్ఫై గడియలవుతాయి. ముప్ఫై గడియలంటే సరిగ్గా 12 గంటలు. చూశారా తమాషా! గడియారం ముల్లు తిరిగి తిరిగి మళ్ళీ అక్కడికే వచ్చింది. అమావాస్య పోటు వేళే పౌర్ణమి పోటు వేళ. అష్టమినాడు దానికి ఆరు గంటల అవతల. మా నాన్నగారికి చేతికి వాచీ ఉండేది కాదు, జేబులో పంచాంగం ఉండేది.

గాలిని బట్టి, పైనుంచి వదిలే నీటిని బట్టి అరగంటో ముప్పావుగంటో అటూ ఇటూ అవుతుంది, అదీ చెప్పాలి. సర్వే ఆఫ్ ఇండియావాళ్ళు ఏటా పోట్ల పట్టికలు పుస్తకంగా వేస్తారు. హైదరాబాదులో ఇన్‌కాయిస్ అని ఒక సంస్థ ఉంది, అలల సంగతి, గాలి సంగతి రోజూ చెప్తుంది. సముద్రం లేని ఊళ్ళో కూర్చుని సముద్రం కబుర్లు చెప్పడం మా మరిదిగారికే చేతనవుననుకున్నాను, గవర్నమెంటువాళ్ళు అంతకంటే బాగా చెప్తున్నారు. కానీ ఆ పట్టికల్లో ఉండేది సముద్రపు ఒడ్డు రేవుల వేళ. ఏటి వెంట పైకొచ్చే కొద్దీ పోటు ఆలస్యమవుతుంది. పైకొచ్చే కొద్దీ ఇంకో గుణం కూడా మారుతుంది. నీరు ఎక్కేటప్పుడు గబగబా ఎక్కుతుంది, దిగేటప్పుడు తాపీగా దిగుతుంది. ఈ తేడా ఎంతో మీ రేవు మెట్లే చెప్పాలి, అందుకే లెక్కపెట్టమన్నది.

పౌర్ణమికీ అమావాస్యకీ పెద్ద పోటు అంటారు గానీ, అసలు పెద్దది ఒకటి రెండు రోజులు ఆగి పాడ్యమికో విదియకో వస్తుంది. పండక్కి పిలిస్తే తెల్లారి వచ్చే చుట్టాలుంటారే, ఆ బాపతు. అష్టమి దాటాక నవమీ దశమీ ప్రాంతంలో నీరు మందకొడిగా ఉంటుంది, ఎక్కీ ఎక్కనట్టు. మన తీరంలో ఎంత పెద్ద పోటైనా ఒకటిన్నర మీటరు లోపేలెండి. మీ అబ్బాయి లండన్లో ఉన్నాడుగా, అడగండి. అక్కడి థేమ్స్ కూడా ఇలాంటిదే, టెడ్డింగ్టన్ లాకుల దాకా పోటు ఎక్కుతుంది. లండన్ బ్రిడ్జి దగ్గర నీరు ఆరు మీటర్ల పైన ఎక్కి దిగుతుంది. మనది దాని ముందు ఎంత! కానీ వశిష్ఠలో లోతే అంతంతమాత్రం గనుక ఆ ఒకటిన్నర మీటరే మీ పరువు నిలబెట్టేదీ, తీసేదీ.

పరువంటే గుర్తొచ్చింది. మా చిన్నాడపడుచు భర్త ఒకాయన పడవ కొన్నాడు. ఆయనకి ఏదైనా బిగించి కట్టడం అలవాటు. ట్రంకుపెట్టె తాడు దగ్గర్నుంచి లుంగీ దాకా అన్నీ బిగింపే. నిండు పోటు మీద రేవుకొచ్చి, పడవ ముక్కుని మెట్ల పక్క గుంజకి ఇంత పొట్టి తాడుతో బిగించి, ఇంటికొచ్చి భోంచేసి పడుకున్నాడు. సాయంత్రానికి నీరు దిగిపోయింది. పడవ ముక్కు గుంజకి వేలాడుతోంది, వెనక బురదలో ఉంది, లోపలున్న చాపలూ గిన్నెలూ కొత్తగా కొన్న ఐసు పెట్టీ అన్నీ వెనక్కి జారిపోయి గుట్టగా పడ్డాయి. ఊరంతా వచ్చి చూసింది. ఆయన మాత్రం, కావాలనే అలా ఆరబెట్టానన్నాడండి! ఇప్పటికీ ఆ మాటే అంటాడు. తాడు పొడుగు వదలాలి. నీరు ఎంత దిగుతుందో దానికి మూడింతలైనా వదిలితే మంచిది. ఒక్క తాడుతో వదిలేస్తే పాటుకి ఒక వైపూ పోటుకి ఇంకో వైపూ తిరిగి పక్కవాడి పడవని గుద్దుతుంది గనుక వెనకాల ఇంకో తాడో, చిన్న లంగరో ఉండాలి.

బురదలో కూర్చుంటే నష్టం లేదు, నీరొస్తే లేస్తుంది. ఇసుకతిప్ప మీద ఎక్కితే ఏ తిథికి ఎక్కారన్నది ముఖ్యం. మా వేలువిడిచిన మేనమామ ఒకాయన పాడ్యమినాడు, పెద్ద పోటు నిండుగా ఉన్న క్షణంలో, అడ్డదారిన పోతే దగ్గరని తిప్ప మీదుగా తోలాడు. తగిలింది. పోనీలే, రాత్రి పోటుకి లేస్తుందనుకున్నాడు. రాత్రి పోటు దానికి అంగుళం తక్కువొచ్చింది. మర్నాడు ఇంకో రెండంగుళాలు తక్కువ. పెద్ద పోటు దాటింది కదండీ, ఇక నవమీ దశమీ దాకా రోజురోజుకీ తగ్గడమే! మళ్ళీ అంత నీరు రావాలంటే వచ్చే పర్వం రావాలి. పక్షం రోజులు పడవ ఆ తిప్ప మీదే కూర్చుంది. కాపలాకి ఈయనా కూర్చున్నాడు. పక్క లంకలోవాళ్ళు జాలిపడి రెండుపూటలా కేరేజీ పంపారు. ఆ కేరేజీల మంచితనం చూసే వాళ్ళ పిల్లని మా బావకి చేసుకున్నారు. కట్నం మాటలు కూడా తిప్ప మీదే అయ్యాయి. ఇప్పటికీ ఆ కోడలు ఏదన్నా మొండికేస్తే, తిప్ప మీద దొరికిన సంబంధం అంతేనంటాడు మేనమామ. వంకాయ పులుసు మాత్రం మూడుసార్లు వడ్డించుకుంటాడు.

సరే, చెక్కదా ఫైబరుదా? అదే కదా మీరు అడగబోయేది. ఫైబరుది తేలిక, సందులుండవు, చీడ పట్టదు. ఎండకి రంగు మాసిపోయి చేతికి పొడి అంటుకుంటుంది. గుల్లల మీదో రాయి మీదో ఈడిస్తే గీతలుపడి నీరు తాగుతుంది. ఆ చోట ఎండబెట్టి, గరుకుకాగితంతో రుద్ది, రెజిను పూసి గుడ్డ అంటించుకోవచ్చు, మీరే చేసుకోగలరు. చెక్కపడవ దారి వేరు. దాన్ని నీట్లోంచి తీసి నెల్లాళ్ళు ఎండలో పెడితే పలకలు ముడుచుకుని సందులు విచ్చుకుంటాయి. మళ్ళీ దింపిన రోజు కారుతుంది. చూసి గుండె జారిపోయి, మోసపోయాననుకుని అమ్మినవాడి ఇంటికి గొడవకెళ్ళకండి. లోతు తక్కువున్న చోట నీళ్ళల్లో నానేస్తే పలకలు ఉబ్బి సందులు వాటంతటవే మూసుకుంటాయి. పట్నంనుంచి వచ్చిన కొత్త కోడలు ఒకావిడ, పడవ మునిగిపోయిందని కేకలు పెట్టి ఊరంతటినీ లేపింది పాపం. వాళ్ళ మామగారు తనే ముంచి, గట్టు మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు.

అలా నానబెట్టినా మూసుకోని సందులుంటే పత్తి కూరి, గుగ్గిలం నూనెలో కాచి పూస్తారు. అది వడ్రంగి పని, మీ పని కాదు. మంచి వడ్రంగి దొరకడం ఈ రోజుల్లో మంచి అల్లుడు దొరకడం కంటే కష్టం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం కదా, ఆ 61 రోజుల్లో పడవలన్నీ గట్టెక్కి బాగుచేతకి కూర్చుంటాయి. అప్పుడు మీరు ఫోను చేస్తే ఎత్తరు. సంక్రాంతి వెళ్ళగానే మాట తీసుకోండి. వీళ్ళ చేతిపని చిన్నదనుకుంటున్నారా? నరసాపురం పక్కన మాధవాయిపాలెంలో 17వ శతాబ్దంలోనే ఇంగ్లీషువాళ్ళు ఓడలు కట్టించుకున్నారు, బాగుచేయించుకున్నారు. ఇవాళ మనం అదే రేవులో పంటు కోసం నిలబడి, ఆలస్యమైందని విసుక్కుంటాం.

ఉప్పునీటి పురుగొకటుంది, దాని సంగతి చెప్పలేదు. పేరుకి పురుగు గానీ ఆల్చిప్పల జాతిది. చెక్కలోకి సూదిమొనంత కన్నం పెట్టుకుని దూరి, లోపలంతా తొలిచేస్తుంది. పైకి పలక నున్నగా కనబడుతుంది, వేలితో నొక్కితే లోపలికి పోతుంది. ఎండాకాలం బ్యారేజీ నుంచి నీరు తక్కువ వదులుతారు, ఉప్పు పైదాకా ఎక్కుతుంది, దానికి పండగ. మంచినీట్లో మాత్రం అది ఎక్కువకాలం బతకలేదు. అందుకే మా నాన్నగారు వైశాఖంలో పడవని కొన్నాళ్ళు ఎగువకి తీసుకెళ్ళి కట్టేసేవారు. అమ్మేమో, పడవకి పుట్టింటికి వెళ్ళే యోగం ఉంది, నాకు లేదనేది.

అడుగున గుల్లలు పడతాయి, అవి గీకాలి. లేకపోతే పడవ నడవదు, డీజిలు మాత్రం తాగుతుంది. దీనికి క్రేనూ అక్కర్లేదు, గట్టెక్కించే మనుషులూ అక్కర్లేదు. గట్టి ఇసుక ఉన్న చోటు చూసుకుని పోటు మీద తీసుకెళ్ళి నిలబెట్టండి. పాటుకి నీరు దానంతటదే తప్పుకుంటుంది. ఓ నాలుగైదు గంటలు మీవి. గీకేసి, తుడిచేసి, రంగేసి, మళ్ళీ నీరొచ్చేలోపు గిన్నెలు సర్దుకోవాలి. ఒక్కటే షరతు. పోట్లు రోజురోజుకీ పెరుగుతున్న తిథుల్లోనే ఎక్కించండి. తగ్గుతున్న తిథుల్లో ఎక్కిస్తే మా మేనమామగారి సంబంధం కథే. మీకు పెళ్ళీడు పిల్లలు కూడా లేరాయె!

ఆ గీకే రోజున మీ స్నేహితులెవరూ రారు, ముందే చెప్తున్నా. పడవున్నవాడికి రెండు రకాల స్నేహితులుండరు, ఒకటే రకం. షికారుకి రమ్మంటే పిల్లల్నీ, బావమరిదినీ, బిర్యానీ డేగిసానీ తీసుకుని చెప్పిన వేళకి ముందే రేవులో ఉంటారు. గీకాలి రమ్మంటే అందరికీ నడుంనొప్పే. ఇంకో చోద్యం చూశాను. కొత్తగా పడవ కొన్నవాళ్ళు మాట్లాడే తీరే మారిపోతుంది. ఇంట్లో కుళాయి కారుతుంటే ఏడాదిగా పట్టించుకోని మనిషి, పడవలో చెమ్మ కనబడితే అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని పరిగెడతాడు. ఇంట్లో పెళ్ళాం అడిగిన పెయింటు డబ్బా కొనడు, పడవకి ఏటా రెండు కోటింగులు! మీ ఆవిడతో నేను ఈ మాట అనలేదు. ఇంకా అనలేదు.

ఇంజిను సంగతి నాకు తెలిసింది కొంచెమే. కానీ ఆ కొంచెమూ గట్టిగా తెలుసు. ఉప్పునీట్లో తిరిగొచ్చాక మంచినీళ్ళు పోసి కడగాలి, బయటా లోపలా. ఎండాకాలం ఏట్లో నీళ్ళు పైపైన చప్పగా ఉన్నా అడుగున ఉప్పుంటుంది, ఉప్పునీరు బరువు కదా. నాలుక మీద వేసుకుని తియ్యగానే ఉందనుకుంటే ఇంజిను అడుగునుంచి పీల్చేది వేరే నీరు. నీట్లో మునిగే ఇనుప సామాను దగ్గర జింకు ముక్క బిగిస్తారు. తుప్పు ముందు దాన్ని తింటుంది, అది సగానికి అరిగితే మార్చాలి. కాలవల్లోంచి కొట్టుకొచ్చే గుర్రపుడెక్క పంకాకి చుట్టుకుంటుంది. ఉప్పు తగిలితే ఆ డెక్క చస్తుంది గానీ చచ్చేలోపు మన పని పడుతుంది. కత్తి ఒకటి చేతికందేలా ఉండాలి. డీజిలు మూడు వంతులు చేసుకోండి. పోవడానికి ఒకటి, రావడానికి ఒకటి, మూడోది తాకకూడదు. ఇంజినున్నా సరే గెడా, తెడ్డూ తప్పకుండా ఉండాలి. గెడ పట్టుకున్నవాళ్ళందరూ మూగమనసులు సినిమాలో నాగేశ్వరరావు అనుకుంటారు గానీ, గెడ బురదలో దిగబడి, పడవ ముందుకుపోయి, మనిషి గెడ మీద మిగిలిపోయిన దృశ్యాలు నేను చూశాను. దిగబడితే వదిలేయండి. గెడ కొనుక్కోవచ్చు.

మొదటి ప్రయాణం అంతర్వేదికి పెట్టుకుందామనుకుంటున్నారా? స్వామి దర్శనం అయినట్టూ ఉంటుంది, పడవ తోలినట్టూ ఉంటుంది. మంచిదే. పొద్దున్నే పాటు ఉన్న రోజు చూసుకోండి. నీరు దిగడం మొదలయ్యాక కదిలితే ఏరే మిమ్మల్ని మోసుకుపోతుంది. దిండి, చించినాడ వంతెన, నరసాపురం, సఖినేటిపల్లి. మధ్యాహ్నమైతే సముద్రపు గాలి ఎదురొస్తుంది. దిగే నీటికి ఎదురుగాలి కొడితే ఏరంతా పొట్టి పొట్టి అలలు లేచి పడవని కుదిపేస్తాయి, పొద్దున్న తిన్న పెసరట్టు కబురు పంపుతుంది. సఖినేటిపల్లి రేవులో పంటు అడ్డం వస్తుంది. మోటారుసైకిళ్ళూ కార్లూ జనమూ మోసుకుంటూ వచ్చేదానికి మీరే ఆగి దారివ్వండి, అది ఆగలేదు.

దారి చూసుకునే లెక్క ఒకటుంది. ఏరు వంపు తిరిగిన చోట బయటి గట్టు వైపు లోతు, లోపలి వైపు మేట. నీటి మధ్యలో కొంగ నిలబడి ఉంటే అటు పోకండి. కొంగకి మోకాళ్ళ లోతు ఎంతో మీకు తెలుసు. గుంజలు పాతి కట్టిన వలలుంటాయి, వాటి మీదుగా తోలితే పంకా పోతుంది, వాళ్ళ నోటికి దొరికితే వంశం పోతుంది. దూరంనుంచే కేకేసి దారెటని అడగండి. అడిగినవాడికి రొయ్యలు కూడా ఇస్తారు, అడగనివాడికి తిట్లు. వెళ్ళేటప్పుడు దిగే నీరు గనుక ఇసుక తగిలిన మరుక్షణం లుంగీ ఎగ్గట్టి దూకి నెట్టాలి, కాఫీ ఫ్లాస్కు తర్వాత. వచ్చేటప్పుడు ఎక్కే నీరు. అప్పుడు తగిలితే కూర్చుని కాఫీ తాగండి, నీరే లేపుతుంది. ఆ నీరు కూడా ఒకే తీరున ఎక్కదు. మొత్తం ఎక్కేది పన్నెండు వంతులనుకుంటే, మొదటి గంటలో ఒక వంతు, రెండో గంటలో రెండు, మూడో గంటలోనూ నాలుగో గంటలోనూ మూడేసి, తర్వాత రెండు, ఆఖర్న ఒకటి. ఉజ్జాయింపేననుకోండి, కాఫీ ఎన్ని కప్పులు తేవాలో తెలుసుకోవడానికి సరిపోతుంది.

తాగేనీళ్ళ బిందె మర్చిపోకండి. చుట్టూ గోదావరే ఉంది కదాని బయల్దేరినవాళ్ళు అంతర్వేదిలో దిగి ముందు దేవుణ్ణి కాదు, కొబ్బరిబోండాల కొట్టుని వెతుక్కుంటారు. మాఘంలో భీష్మ ఏకాదశికి రథం రోజున మాత్రం వెళ్ళకండి, పడవ కట్టుకోవడానికి గుంజ కూడా దొరకదు. ఏ రోజు వెళ్ళినా సరే, మొగ దాటి సముద్రంలోకి ఓసారి తొంగిచూసొద్దామని మీ బావమరిదిగారు అంటారు. ఎవరో ఒకరు అంటారు, ప్రతి పడవలో ఒకరుంటారు. మొగలో ఇసుక మేట మీద అలలు విరుగుతుంటాయి. ఏటి పాటు బయటికి తోస్తుంటే సముద్రపు అల లోపలికి తోస్తుంటుంది. మీ ఏటి పడవకి అక్కడ పని లేదు. చూడాలంటే గట్టు మీంచి నడిచెళ్ళి చూడండి, సంగమం బాగా కనబడుతుంది.

కాయితాలు చేయించుకున్నారా? 1917 నాటి పాత చట్టం పోయి 2021లో కొత్త ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం వచ్చింది. ఇంజినున్న పడవకి రిజిస్ట్రేషనూ, సర్వే చేసి ఇచ్చే సర్టిఫికెట్టూ, ఇన్సూరెన్సూ ఉండాలి. ఆఫీసుల చుట్టూ తిరగడం మీకు సరదాయేగా. లైఫ్‌జాకెట్లు మాత్రం కాయితం కోసం కొనకండి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర లాంచీ మునిగి ఏం జరిగిందో మనందరికీ తెలుసు. తొడుక్కోమంటే మా ఆడవాళ్ళు చీర నలుగుతుందంటాం. నలగనివ్వండి. తొడుక్కోనివాళ్ళని ఎక్కించుకోకండి, నేనైనా సరే.

వరదల రోజుల్లో పడవ మాట ఎత్తకండి. ఎర్రనీరు దిగితే పోటూ లేదు, పాటూ లేదు, రోజుల తరబడి ఒకటే పరుగు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులైతే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటిదానికే పడవని ప్రవాహం తగలని కాలవలోకి లాగి రెండు చెట్లకి కట్టేయాలి. ఆ రోజుల్లో ఏట్లో షికార్లు పులసవి, మనవి కావు. మనం దాన్ని కొనుక్కోవడానికి అప్పు పుట్టించుకోవడంలో ఉంటాం. ఆ తర్వాత తుఫాన్ల కాలం. పడవలు కట్టడంలో పేరుమోసిన కోరంగిని 1789లో ఒకసారి, 1839లో ఒకసారి ఉప్పెన ముంచేసింది. అదంతా పాతకథ అంటారేమో, 1996 నవంబరు 6 రాత్రి మన కోనసీమలో కొబ్బరితోటలు ఎలా పడుకున్నాయో మీరూ చూశారు. దీపావళి నెలలో పడవ గట్టెక్కి బోర్లా ఉండాలి, ఇంజిను ఇంట్లో ఉండాలి. ఎక్కడ పెడతారో మీ ఆవిణ్ణి ఇప్పుడే అడిగి పెట్టుకోండి. పూజగది పక్కన ఖాళీ ఉందిగానీ ఆవిడ ఒప్పుకోదు, నాకు తెలుసు.

అన్నట్టు పేరేం పెడుతున్నారు? పడవకి పేరుండాలిగా. ముక్కుకి పసుపూ కుంకుమా పెట్టి, గంగమ్మకి కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయా మిరపకాయలూ కట్టి, పక్కన తెల్లరంగుతో రాయిస్తారు. ముచ్చటపడి మీ ఆవిడ పేరే రాయిద్దామనుకుంటున్నారని విన్నాను, అదీ పాలబ్బాయే చెప్పాడు. వద్దండీ, నా మాట వినండి. రేవులో మగాళ్ళు పడవలని పేరుతోనే అనుకుంటారు. ఫలానా ఆవిడ నిన్న మళ్ళీ తిప్పెక్కిందట, నలుగురు నెట్టినా కదల్లేదట అంటారు. అడుగున గుల్లలు పట్టాయి, గీకించాలంటారు. ఈ ఏడు రెండు కోటింగులు పడితేగానీ చూడలేమంటారు. మీ ఆవిడేమో రోజూ సాయంత్రం ఆ రేవు మీదుగానే గుడికి వెళ్తుంది.